ఎనిమిది లీటర్ల డీజిల్, తాడ్వాయి దాకా రాను పోను

మా బావి మీది డీజిల్ ఇంజన్ ఆ బండిలో ఉంది. నేను ఆ ప్రయాణం చేయడానికి కారణం అంతే. ఎనభైల మొదట్లో, మాఘమాసం చలిలో, ఒక ఆదివారం హన్మకొండ నుంచి ములుగు మీదుగా తాడ్వాయి పోయి అదే రోజు తిరిగి వచ్చాం. రాను పోను నూట డెబ్బై కిలోమీటర్లకు పైనే. ఇప్పుడు కారులో తాడ్వాయి చేరడానికి రెండు గంటలు చాలు. మాకు రాను పోను కలిపి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఐదు దాకా పట్టింది. పాత బండ్ల మీదనో, సైకిళ్ల మీదనో ఇదే దారిలో నిదానంగా పోదామనుకునే వాళ్లు కొందరు నన్ను వివరాలు అడిగారు. వాళ్ల కోసం ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు బండి సంగతి. మా ఊరు ములుగు రోడ్డు మీదే, ఆత్మకూరుకు ఇవతల, హన్మకొండకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో యాకూబ్ భాయ్ పంపుసెట్లు బాగుచేసేవాడు. డెబ్బైల చివర్లో ఒక టూరింగ్ టాకీస్ మూతపడితే, అందులో తెర మీద బొమ్మ వేసే దీపానికి కరెంటు ఇచ్చిన డైనమోను తుక్కు కింద కొనుక్కొచ్చాడు. దాన్ని తిప్పితే కరెంటు ఇస్తుంది. కరెంటు ఇస్తే అదే తిరుగుతుంది. ఆయన ఆలోచనంతా ఆ ఒక్క ముక్క మీద నడిచింది. పాత జీపు చట్రం తెచ్చి వెనక ఇంజన్, మధ్యలో డైనమో, సీటు కింద ఆరు లారీ బ్యాటరీలు బిగించాడు. చదునులో ఇంజన్ లాగుతుంది. ఎత్తు వస్తే బ్యాటరీలు డైనమోను తిప్పి తోడు పడతాయి. పల్లం వస్తే ఇంజన్ ఆపేస్తాం, చక్రాలే డైనమోను తిప్పి బ్యాటరీలు నింపుతాయి. ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పే లెక్చరర్ ఒకాయన వచ్చి చూసి దాన్ని ప్రోటోటైపు అన్నాడు. యాకూబ్ భాయ్ మాత్రం దోరంగి అని పేరు పెట్టుకున్నాడు. ఉర్దూలో రెండు రంగులది అని అర్థం. నిజానికి దానికున్న రంగు ఒకటే, తుప్పు రంగు.

ఇంజన్ మాత్రం నాది. ఐదు హార్స్‌పవర్ పంపుసెట్ ఇంజన్. కరెంటు స్తంభాలు అప్పటికి ఊరి దగ్గరే ఆగిపోయాయి, మా బావి దాకా రాలేదు. అందుకని మిరప తోటకు నీళ్లు పెట్టాలంటే ఆ ఇంజనే దిక్కు. పందెం ఉన్నప్పుడు దాన్ని విప్పి బండికి బిగించడం, పందెం కాగానే బండిలోంచి విప్పి ఎడ్లబండి మీద బావికి చేర్చడం. నలుగురు మనుషులకు ఒక పూట పని.

పందెం అంటే వేగం పందెం కాదు. వరంగల్, హన్మకొండ మెకానిక్కులు తమలో తాము పెట్టుకున్న ఓర్పు పందెం అది. ప్రతి బండి డబ్బాలో ఎనిమిది లీటర్ల డీజిల్ పోసి, మూతకు సీలు వేస్తారు. తాడ్వాయి పోయి సాయంత్రం ఐదు లోపల బయల్దేరిన చోటికి రావాలి. వచ్చిన వాళ్లలో ఎవరి డబ్బాలో ఎక్కువ డీజిల్ మిగిలితే వాళ్లు గెలిచినట్టు. దోరంగి మొదటిసారి పోయినప్పుడు ఆత్మకూరు దాటకముందే బెల్టు తెగింది. రెండోసారి ములుగు చేరింది కానీ బ్యాటరీలు పొంగి ఆమ్లం కారింది. రెండుసార్లూ ఎడ్లను కట్టి ఇంటికి లాక్కొచ్చాం. రెండోసారి ఇంజన్ బావి మీదికి రావడం మూడు రోజులు ఆలస్యమై ఒక మడి మిరప ఎండిపోయింది. అప్పుడు నేను యాకూబ్ భాయ్‌తో ఖరాకండిగా చెప్పాను. మూడోసారి బండి తన చక్రాల మీద తాను రాకపోతే ఇంజన్ బావి మీదికి పోతుంది, మళ్లీ బండిలోకి రాదు. ఆయన సరే అన్నాడు. వేరే ఇంజన్ తెచ్చుకునే స్తోమత ఆయనకు లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం ఐదున్నరకే ములుగు రోడ్డు జంక్షన్ దగ్గర ఒక లారీల యార్డులో ఐదు బండ్లు నిలబడ్డాయి. టీ అర్ధరూపాయి. లెక్చరర్ సారు టార్చిలైటుతో సీళ్లు చూస్తున్నాడు. అందరిలోకీ పేరున్న మెకానిక్ కొమురయ్య. పైకప్పు, తలుపులు పీకేసి తేలిక చేసిన జీపు ఆయనది. భుజం మీద కొబ్బరి పీచు మోకు ఒకటి వేసుకుని మా దగ్గరికి వచ్చాడు.

"యాకూబ్ భాయ్, రెండు తాపలు ఎడ్లతోని అచ్చినవ్. పాపం ఎడ్లకు గూడ ఆదివారం సెలవియ్యాలె గద. గీ మోకు ఉంచుకో. నేను వాపసు వచ్చేటప్పుడు కట్టుకొని గుంజుకస్త."

"ఇయ్యి అన్నా," అని యాకూబ్ భాయ్ ఆ మోకు అందుకుని సీటు వెనక పడేశాడు. "నీ జీపు ఆగితే నేను గుంజనీకి పనికొస్తది."

సరిగ్గా ఆరింటికి బయల్దేరాం. యాకూబ్ భాయ్ స్టీరింగు పట్టాడు. నేను వెనక, ఇంజన్ పక్కన కూర్చున్నాను. నా పని రెండే. ఆయన చెప్పినప్పుడు ఇంజన్ ఆపడం, మళ్లీ చెప్పినప్పుడు కర్ర లాగి బెల్టు బిగించడం. బెల్టు బిగిస్తే డైనమోతో పాటు ఇంజన్ తిరిగి అందుకుంటుంది. చదునులో ఇరవై, ఇరవై ఐదు కిలోమీటర్ల వేగం. మంచు దట్టంగా ఉంది. తలకు తువ్వాలు చుట్టుకున్నా చెవులు మొద్దుబారాయి. వీపు మాత్రం ఇంజన్ వేడికి వెచ్చగా ఉంది.

ఏడు గంటలకు మా ఊరు దాటుతుంటే మా ఆవిడ మరియమ్మ రోడ్డు మీదికి వచ్చి చేయి అడ్డం పెట్టింది. జొన్నరొట్టెల మూట నా ఒళ్లో పెట్టింది.

"అందరు చర్చికి పోతాన్లు. నువ్వేమో గీ డబ్బా ఎక్కినవ్."

"పొద్దుగూకే వరకు అస్తం."

"ఇంజన్ రాకపోతే రేపు మోట నువ్వే కొట్టాలె. ఎడ్లను నేనియ్య."

"ఫికర్ జెయ్యకు చెల్లే," అన్నాడు యాకూబ్ భాయ్.

"నీ ఫికర్ నాకెందుకన్నా, నాకు మిరప తోట ఫికరు," అని ఆమె పక్కకు జరిగింది.

ఆత్మకూరు, మల్లంపల్లి దాటేసరికి మంచు విడింది. మల్లంపల్లి దగ్గర ఒక బండి రోడ్డు దిగి నిలబడి ఉంది, ఇంజన్ లోంచి ఆవిరి వస్తోంది. మాది నిలకడగా నడుస్తోంది. పల్లంలో నేను ఇంజన్ ఆపగానే ఉన్నట్టుండి చప్పుడంతా పోయి గాలి చప్పుడు మాత్రం వినిపించేది. రోడ్డు పక్క పత్తి ఏరేవాళ్లు బండి వైపు వింతగా చూశారు.

ఎనిమిదిన్నరకు గట్టమ్మ దగ్గరికి చేరాం. ములుగుకు కొంచెం ముందు, రోడ్డు పక్కనే గుట్ట మీద ఉంటుంది గుడి. మేడారం పోయే వాళ్లు ముందు ఇక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టి పోతారు. ఆ దారిలో నడిచే లారీలు, బస్సులు కూడా ఒక్క నిమిషమైనా ఆగుతాయి. ఏ మతం వాడన్నది ఎవరూ అడగరు. స్టీరింగు పట్టినవాడు ఆగాలి, అంతే. మేమూ ఆగాం. కాయ రెండు రూపాయలు. నేను కొట్టను, ఆయనా కొట్టడు. పూజారితో కొట్టించి, చెరొక ముక్క నములుకుంటూ వచ్చి ఎక్కాం. అక్కడి నుంచి పల్లమే. ఇంజన్ పని లేదు. ములుగు బజారు నిశ్శబ్దంగా దాటాం.

ములుగు దాటాక ఎత్తు మొదలైంది. "లాగు తమ్మీ," అన్నాడు యాకూబ్ భాయ్. నేను కర్ర లాగాను. ఇంజన్ అందుకుంది. అర కిలోమీటరు పోయిందో లేదో దగ్గి, రెండుసార్లు తుళ్లి, ఆగిపోయింది. మళ్లీ లాగాను. అందుకోలేదు. మూడోసారీ లేదు. ఈలోపు ఎత్తంతా బ్యాటరీలే లాగుతున్నాయి. ఆయన బండిని పక్కకు తీసి దిగి వచ్చాడు. డబ్బా నుంచి పైపు వెంబడి వేలు పెట్టుకుంటూ వచ్చి, కాక్ దగ్గర ఆగాడు.

డీజిల్ డబ్బా కింద ఉండే చిన్న కుళాయిని కాక్ అంటారు. బావి మీద ఇంజన్ ఆపి ఇంటికి పోయేటప్పుడు దాన్ని మూసి పోవాలి. లేకపోతే రాత్రంతా డీజిల్ బొట్లు బొట్లుగా కారిపోతుంది. పన్నెండేళ్లుగా నేను ఒక్కరోజు కూడా మరిచిపోకుండా మూశాను. గట్టమ్మ దగ్గర బండి దిగినప్పుడు కూడా మూశాను. పైపులో ఉన్న కాస్త డీజిల్ అయిపోయాక ఇంజన్ గాలి పీల్చింది.

"కాక్ ఎవలు మూసిన్రు?" అన్నాడాయన. అక్కడున్నది మేమిద్దరమే.

నేను చేయి చాపి కాక్ తెరిచాను.

"తమ్మీ, ఇది నీ బాయి కాదు."

"ఇంజన్ నాదే గద భాయ్."

"ఇంజన్ నీదే. అలవాటు గూడ నీదే. రెండు కలిపి తెచ్చినవ్," అని పానా తీశాడు. కోపగించుకోలేదు. ఆయన కోపగించుకుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

గాలి పట్టిన ఇంజన్‌కు ఒకటే మందు. పైపు నట్టు వదులు చేసి, బుడగలు పోయి ధార తేటగా వచ్చేదాకా డీజిల్ కారనివ్వాలి. సీలు వేసిన డబ్బాలోంచి లోటా నిండా డీజిల్ మట్టిలో కలిసింది. అర్ధగంట పోయింది. బ్యాటరీలు సగానికి దిగాయి. ఆ అర్ధగంటలో రెండు బండ్లు మమ్మల్ని దాటిపోయాయి. మళ్లీ కదిలాక జంగాలపల్లి దాకా నేను కాక్ వైపే చూస్తూ కూర్చున్నాను.

పస్రా దాటాక అడవి. టేకు ఆకు రాలి రోడ్డంతా పరుచుకుని ఉంది. దారి ఇరుకు, అక్కడక్కడ కంకర తేలింది. మమ్మల్ని దాటిపోయిన వాటిలో ఒకటి ఇరుసు విరిగి పక్కకు ఒరిగి ఉంది. తాడ్వాయి ఫారెస్టు చెక్‌పోస్టు చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు. లెక్చరర్ సారు స్కూటరు మీద ముందే వచ్చి కూర్చున్నాడు. మా ఇద్దరి మణికట్లకు ఎర్రదారం కట్టాడు, తాడ్వాయి చూసినట్టు గుర్తు. కొమురయ్య దారం కట్టించుకుని అరగంట అయిందట. ఇంకొక బండి అప్పుడే తిరుగు దారి పట్టింది.

పస్రాలో రోడ్డు పక్క పూరి గుడిసె హోటల్లో అన్నం తిన్నాం. ఇద్దరికీ ఆరు రూపాయలు. అన్నం, పప్పుచారు, ఎండు చేపల కూర. వండి పెట్టిన పెద్దావిడను ఊరంతా లచ్చక్క అని పిలుస్తారు. గంటె చేతిలో పట్టుకునే బయటికి వచ్చి బండి చుట్టూ తిరిగింది.

"ఏందయ్యా ఇది, కారా? పిండి గిర్నీయా?"

"కారే అక్కా," అన్నాడు యాకూబ్ భాయ్.

"కారైతే పొగ ఎనకకు పోవాలె. మీ మొకాలకెందుకు అంటింది?"

"ఆయిన ఎనక కూసున్నడు, ఆయినకంటింది. ఆయిన మొకం చూసి నాకంటింది."

ఆమె నవ్వి నాకు ఇంకో గంటె చారు పోసింది. యాకూబ్ భాయ్ కూడా నవ్వాడు. పొద్దుటి నుంచి నన్ను చూసి నవ్వడం అదే మొదలు. తిన్నాక నేను డబ్బాను వేలి కణుపుతో తట్టి చూశాను. బావి మీద రోజూ చేసే పనే. చప్పుడును బట్టి డీజిల్ ఎంత ఉందో చెప్పగలను. "రెండున్నర లీటర్లు," అన్నాను. ఆయన తల ఊపాడు. పోవలసిన దూరం డెబ్బై కిలోమీటర్లు.

తిరుగు దారిలో ఇంజన్‌ను ఎంత తక్కువ వాడితే అంత మంచిదని చెప్పాడు. ప్రతి పల్లంలో ఆపాను, ప్రతి ఎత్తు మొదట్లో లాగాను. కాక్ మీద చేయి పెట్టలేదు. గట్టమ్మ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్, బ్యాటరీలు రెండూ కలిసి లాగినా నడిచే మనిషి మమ్మల్ని దాటిపోయేంత నిదానం. అయినా ఎక్కింది. జాకారం దగ్గర మూడో బండి చెట్టు కింద నిలబడి ఉంది. అందులో వాళ్ల డబ్బా ఎండిపోయింది. చేతులు ఊపి పొమ్మన్నారు.

మా ఊరు చేరేసరికి మూడున్నర. మరియమ్మ పొద్దున నిలబడిన చోటే నిలబడి ఉంది. యాకూబ్ భాయ్ బండి ఆపాడు. నేను డబ్బా తట్టాను. రెండు గ్లాసులకు మించి లేదు. బ్యాటరీలు ఎంత దూరం లాగుతాయో ఆయనే సరిగ్గా చెప్పలేకపోయాడు. ఇక్కడ ఆగితే ఇంజన్ ఇంట్లో ఉంటుంది, తెల్లారేసరికి బావి మీద ఉంటుంది. కానీ హన్మకొండ చేరకపోతే పందెం ముగించినట్టు కాదు. పోయి మధ్యలో ఆగితే మళ్లీ ఎడ్లు, మళ్లీ ఆలస్యం, మళ్లీ ఎండిన మడి. నేను పెట్టిన షరతు ప్రకారం దోరంగి కథ అక్కడితో సరి.

"ఇంజన్ నీది. నువ్వే చెప్పు," అన్నాడు యాకూబ్ భాయ్. ముందుకే చూస్తున్నాడు.

మరియమ్మ నా వైపు చూసి, "ఇంటికచ్చిన ఇంజన్‌ను మళ్ల తీస్కపోతవా?" అంది.

పొద్దున మట్టిలో పోసిన డీజిల్ గుర్తుకు వచ్చింది. అది నేను మూసిన కాక్ వల్ల పోయింది. ఆ లోటా ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదు.

"పో భాయ్," అన్నాను.

ఊరు దాటగానే ఇంజన్ ఆపి, ఈసారి చెప్పి మరీ కాక్ మూశాను. డబ్బా పూర్తిగా ఎండేదాకా ఇంజన్ నడిపితే గాలి పడుతుంది. గాలి పట్టాక అడుగున డీజిల్ ఉన్నా లేనట్టే. యార్డుకు ముందు కల్వర్టు మీద ఒక ఎత్తు ఉంది. అలసిపోయిన బ్యాటరీలు దాన్ని ఒంటరిగా ఎక్కలేవు. అందుకని ఆ రెండు గ్లాసులు దానికి దాచాలన్నది నా లెక్క. యాకూబ్ భాయ్ వెనక్కి తిరిగి చూసి, "ఇప్పుడు మూసినవ్ సూడు, గిది మూసుడంటే," అన్నాడు.

బ్యాటరీల మీద దామెర దాటాం. మెల్లమెల్లగా వేగం తగ్గింది. సైకిల్ వాళ్లు పక్కన వస్తూ ఏ ఊరని అడిగారు. ఆరేపల్లి దగ్గర బండి నడక వేగానికి పడిపోయింది. దూరంలో కల్వర్టు కనిపించింది. నేను కాక్ తిప్పాను. పది అంకెలు లెక్కపెట్టాను. కర్ర లాగాను. ఇంజన్ ఒక్క తుళ్లు తుళ్లి అందుకుంది. నల్లటి పొగ నా ముఖం మీదికి కొట్టింది. కల్వర్టు ఎక్కాం, దిగాం, యార్డు గేటు దాటాం. గేటు దాటాక ఇంజన్ తనంతట తానే ఆగింది. ఐదుకు ఎనిమిది నిమిషాలు.

ఐదు బండ్లు పోతే రెండే తిరిగి వచ్చాయి. కొమురయ్య డబ్బాలో అర లీటరు మిగిలింది, ఆయన గెలిచాడు. మా డబ్బాలో వేలు పెడితే తడి అంటలేదు. కొమురయ్య మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, నా ముఖం చూసి, తన డబ్బాలో మిగిలిన డీజిల్ మా దాంట్లో పోశాడు. చాలదని ఇంకో రెండు లీటర్లు తెప్పించాడు.

"మోకు తీస్కో అన్నా," అన్నాడు యాకూబ్ భాయ్.

"ఉంచుకో. మళ్ల ఏడాది పనికొస్తది."

దీపాలు పెట్టే వేళకు మా ఊరు చేరాం. మర్నాడు పొద్దున్నే ఇంజన్ విప్పడానికి నలుగురు మనుషులు, పానాలు, గొలుసు అన్నీ సిద్ధమయ్యాయి. మరియమ్మ పాలచెంబుతో అటుగా పోతూ ఆగింది.

"ఇప్పుడెందుకు? దాని కాళ్ల మీద అదే అచ్చింది గద. బాయి దాక గూడ అదే నడుస్తది."

పానాలు కింద పెట్టాం. మూడేళ్లుగా బండి ఎప్పుడూ చచ్చి ఇంటికి రావడమే కాబట్టి మాలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. ఎడ్లబండి బాట వెంట దోరంగిని బావి దగ్గరికి నడిపించి, ఇంజన్ చక్రానికి పంపు బెల్టు వేశాం. బెల్టు బిగువుకు బండి ముందుకు జరగబోతే వెనక గుంజ పాతి కొమురయ్య మోకుతో కట్టేశాం. పది గంటలకు మొదటి మడి తడిసింది.

దోరంగి ఆ తర్వాత రెండు పందేలకు పోయింది. రెండుసార్లూ తన చక్రాల మీద తాను వచ్చింది, ఒకసారి కొమురయ్యను గెలిచింది. తర్వాత బావులకు కరెంటు వచ్చింది, పందెం ఆగిపోయింది. ఇంజన్ ఇప్పటికీ మా కొట్టంలో ఉంది, చట్రం మీదే ఉంది. ఆ దారిలో ఇప్పటికీ అప్పుడప్పుడు పోతుంటాను. రోడ్డు వెడల్పయింది, అడవి పలచబడింది, కల్వర్టు ఎత్తు తెలియకుండా పోయింది. యంత్రం మంచిదా కాదా అన్నది దాన్ని చేసినవాడి మీద ఎంత ఆధారపడుతుందో, పక్కన కూర్చున్నవాడి చేతుల మీద కూడా అంతే ఆధారపడుతుందని ఆ ఆదివారం తెలిసింది. ఆ చేతులు నావి. ఒకసారి చెడగొట్టాయి, ఒకసారి నిలబెట్టాయి.

పోయే వాళ్లకు ఒక్క మాట. ములుగులోనే డీజిల్ నింపుకోండి, పస్రాలో అన్నం తినండి, తాడ్వాయి నుంచి ఒంటిగంట లోపల వెనక్కి తిరగండి. గట్టమ్మ దగ్గర ఎలాగూ ఆగుతారు. మళ్లీ ఎక్కే ముందు, అలవాటు కొద్దీ మీరు ఏం మూశారో ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి.